ఏవీ, చూపించు

ఆ మలుపు దగ్గర సైకిలు ఆపకూడదు. అలాగని నోరు మూసుకుని దాటకూడదు కూడా. "ఉన్నాయి" అని పైకి అనాలి. అనేసి, వెనక్కి చూడకుండా దిగిపోవాలి.

ఈ సంగతి నాకు ఎవరు చెప్పారో గుర్తులేదు. మేం ఈ ఊరికి కాపురం మారిన కొత్తలోనే తెలిసింది. ఇలాంటివి ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోతుంటాయి.

ఊరు కింద ఉంటుంది, ఆస్పత్రి కొండ మీద ఉంటుంది. రెండింటికీ మధ్య మెలికలు తిరిగే రోడ్డు. సగం దూరంలో ఓ మలుపు, ఆ మలుపులో పాడుబడ్డ ఇల్లు. ఒకప్పుడు రోడ్డు పనివాళ్ళు తట్టలూ పారలూ పెట్టుకునేవాళ్ళట అందులో. ఇప్పుడు తలుపు లేదు, కప్పు సగం లేదు. వరండా మాత్రం గట్టిగానే ఉంది. అక్కణ్ణుంచి రోడ్డు, మెట్లు లేని బావిలోకి దిగినట్టు దిగుతుంది.

ముసురు పట్టిన సాయంత్రాల్లో ఆ వరండాలో ఒక మనిషి నిలబడి ఉంటాడట. పక్కన గోడకి ఆనించిన సైకిలు. దాటే ప్రతివాళ్ళనీ ఒకటే అడుగుతాడట...

"ప్యాడ్లున్నాయా?"

బ్రేకు ప్యాడ్లు. ఉన్నవాళ్ళ జోలికి రాడు. లేనివాళ్ళకి మాత్రం — ఆ కింది పల్లంలో బ్రేకు పట్టదు.

దెయ్యాలు రక్తం అడుగుతాయని చిన్నప్పుడు విన్నాను. మా ఊరి దెయ్యం స్పేర్ పార్టులు అడుగుతుంది. ఏ ఊరి అవసరం ఆ ఊరిది మరి.

అందుకని ఇక్కడ ప్రతి సైకిలుకీ సీటు కింద ఓ చిన్న రేకు డబ్బా వేలాడుతుంటుంది. అందులో ఒక జత ప్యాడ్లు, ట్యూబుకి అతుకు ముక్కలు, గొలుసుకి లింకు, బుల్లి పానా. మలుపు రాగానే ఆ డబ్బా మీద అరచేత్తో తట్టి "ఉన్నాయి" అనడం, దిగిపోవడం. ఆస్పత్రి క్యాంటీన్లో కూర్చుని ఇదంతా ఒట్టి మూఢనమ్మకం అని లెక్చరిచ్చే పెద్ద డాక్టరుగారు ఉన్నారు. ఆయన డబ్బా రెండుసార్లు తడతారని మా వదిన చెప్పేది.

వదిన, అంటే మా అన్నయ్య భార్య, ఆ ఆస్పత్రిలోనే నర్సు. భయమంటే ఏమిటో తెలియని మనిషి. శవాల గదికి ఒంటరిగా వెళ్ళి, వస్తూ వస్తూ టీ తాగి వచ్చే రకం. అలాంటామె కూడా మలుపు దగ్గర "ఉన్నాయి" అనేది. నీకెందుకు వదినా ఈ చాదస్తం అని ఒకసారి ఏడిపిస్తే, పదిమందీ అనేచోట తనొక్కతే మూతి ముడుచుకుని పోతే ఏం బాగుంటుందని నా మీదే తిరగబడింది.

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. పొద్దస్తమానం అద్దాలు అరగదీయడమే నా పని. ఏది ఎంత అరిగితే ఏమవుతుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని అనుకునేవాణ్ణి. మా ఇంట్లోనే, నా కళ్ళముందే ఒకటి అరిగిపోతుంటే మాత్రం కనిపెట్టలేదు.

ఇంట్లో మేం నలుగురం. అన్నయ్య, వదిన, నేను, వాళ్ళ పాప. పాపకి ఆ మధ్య స్టిక్కర్ల పిచ్చి పట్టింది. అన్నీ పసుపుపచ్చ బాతులే. ఫ్రిజ్ మీద బాతు, అద్దం మీద బాతు, నిద్రపోతున్న నా నుదుటి మీద బాతు. ఒకరోజు వదిన సైకిలుకి నూనె పెడుతుంటే పక్కన కూర్చుని, డబ్బా మూత తీసి, లోపలి సామానుకి కూడా తలా ఒక బాతు అంటించి పెట్టింది.

ఆ సైకిలు ఆ తర్వాత విరిగింది. అన్నయ్య కొత్తది తెచ్చాడు. పాతదాని బ్రేకు చక్రం అంచుని పట్టుకునేది, రబ్బరు ముక్కలతో. కొత్తదాని బ్రేకు చక్రం నడుమన గుండ్రటి రేకుని పట్టుకుంటుంది. దాన్ని డిస్కు బ్రేకంటారు. వదిన పాత సీటు కింద డబ్బా విప్పి, కొత్త సీటు కింద కట్టుకుంది. మూత తీయలేదు. తీసి చూడాలని నాకూ తోచలేదు. డబ్బా ఉందా లేదా అనే చూస్తారు ఈ ఊళ్ళో ఎవరైనా.

ఆ రోజు పాపకి జ్వరం.

అన్నయ్య పనిమీద పొరుగూరు వెళ్ళాడు, తెల్లారితేగాని రాడు. నేను షాపుకి సెలవు పెట్టి పాప దగ్గర కూర్చున్నాను. మధ్యాహ్నం నుంచి ఒకటే ముసురు. సాయంత్రానికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే వదిన, డాక్టరుతో రాయించుకుని మందు తీసుకుని బయల్దేరుతున్నానంది. ఆ తర్వాత ఫోను కలవలేదు. ఆ రోడ్డు మీద ఎవరికీ కలవదు.

చీకటి పడింది. పాప కళ్ళు తెరిచినప్పుడల్లా, అమ్మ ఏదీ అంటుంది. వచ్చేస్తోందమ్మా అంటాను. తడిగుడ్డ నుదుటి మీద వేస్తాను, కిటికీ దగ్గరికి వెళ్తాను, మళ్ళీ వస్తాను. గుడ్డ తీసి పిండుతాను, మళ్ళీ కిటికీ. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. రావాల్సిన వేళ దాటింది. ఇంకా దాటింది...

ఇక్కణ్ణుంచి చెప్పేది వదిన నాకు చెప్పింది. నేను కలిపింది ఏమీ లేదు. ఉన్నదానికి ఇంత చేర్చి చెప్పే మనిషి కాదు మా వదిన.

ఆస్పత్రి గేటు దాటినప్పుడే పక్కన ఎవరూ లేరట. ముందు దీపం వెలుగు మంచులో నాలుగడుగులు పోయి ఆగిపోతోంది. రోడ్డంతా ఇసుకా, బురదనీళ్ళూ. మొదటి దిగుడులోనే ఓ చప్పుడు మొదలైంది —

కర్ర్... కర్ర్...

బ్రేకు నొక్కినప్పుడల్లా అదే. ఇసుక ఇరుక్కుందనుకుంది. పిడి కూడా రోజూకంటే లోపలికి వస్తోంది. తడికి అలాగే ఉంటుందిలే అనుకుంది. ఇంటికెళ్ళాక చూసుకోవచ్చు. మనసంతా పాప మీదే. సంచిలో మందు సీసా ఉంది, సీసా పగలకూడదు, తొందరగా వెళ్ళాలి. ఇంతే.

మలుపు వచ్చింది.

చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళింది. డబ్బా మీద తట్టింది. నోరు దానంతటదే అంది.

"ఉన్నాయి."

"ఏవీ, చూపించు."

గట్టిగా కాదు. అరుపు కాదు. ఒకే గదిలో కూర్చున్న మనిషి అడిగినట్టు, అంత దగ్గరగా...

వదిన రెండు బ్రేకులూ నొక్కేసింది. సైకిలు ఆగలేదు. జారుతూ వెళ్ళింది. రెండు కాళ్ళూ నేలకి రాసుకుంటూ, చెప్పులు అరిగేలా ఈడ్చుకుంటూ, వరండా చివరి స్తంభం దగ్గర ఎలాగో ఆపింది.

అప్పుడు ఆమెకి భయం వేసింది మనిషి ఉన్నందుకు కాదట. కథలో ఆ మాట లేదు. ఉన్నాయా అని అడుగుతాడనే అందరూ చెప్తారు. చూపించమన్నాడని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

వరండాలో మనిషి ఉన్నాడు.

మొహం తెలియడం లేదు. చేతులు మాత్రం దీపం వెలుగులో తెలుస్తున్నాయి — గోళ్ళ సందుల్లో నల్లగా గ్రీజు. పక్కన గోడకి ఆనించిన పాత సైకిలు.

ఎవడో ఆకతాయి అనుకుని వదిన గొంతు పెంచిందట. ఇలాంటి వేషాలు తన దగ్గర కుదరవనీ, తొందరలో ఉన్నాననీ, ఇంకో మాట మాట్లాడితే పళ్ళు రాలగొడతాననీ. వార్డులో వదిన ఆ గొంతు ఎత్తిందంటే కాలు విరిగినవాడు కూడా లేచి నిలబడతాడు.

అతను కదల్లేదు.

"అందరికీ తొందరేనమ్మా... చూపించు."

ఎందుకు చూపించిందో తనకే తెలియదంది. బెదిరించినట్టు లేదు ఆ గొంతు. అడిగి అడిగి అలిసిపోయినట్టు ఉందట. వదిన దిగింది. సీటు కింద నుంచి డబ్బా తీసింది. తడికి వేళ్ళు జారుతున్నాయి. మూత బిగుసుకుపోయి ఉంది, గోరు విరిగింది. లోపలి జత తీసి వరండా గట్టు మీద పెట్టింది. చేతికివ్వడానికి మనసు రాలేదు.

అతను ముట్టుకోలేదు. వంగి చూశాడు.

"ఇవి నీ బండివి కావు."

నా డబ్బాలోవి నావి కాక ఎవరివంటూ వదిన నోరు తెరిచింది. తెరిచి, గట్టు మీదికి చూసింది. రబ్బరు ముక్కలు. చక్రం అంచుని పట్టుకునేవి, పాత సైకిలువి. తన కొత్త సైకిలు చక్రం వైపు చూసింది. నడుమన తడిసి మెరుస్తున్న రేకు...

ఇన్నాళ్ళూ ఉన్నాయి, ఉన్నాయి అంటూ దాటింది. ఏమీ లేవు.

"బ్రేకు నొక్కి చూడు."

నొక్కింది. పిడి వచ్చి హ్యాండిల్‌కి తగిలింది. రెండోది నొక్కింది. అదీ అంతే. చేతికి ఏమీ తగల్లేదు. ఎదురుగా పల్లం. అడుగున మంచులో మసకమసగ్గా ఊరి దీపాలు. ఆ దీపాల్లో ఒకటి మా కిటికీ.

అప్పుడు మా వదిన, దేనికీ కన్నీళ్ళు పెట్టని మా వదిన, ఆ ముక్కూ మొహం తెలియని మనిషి ముందు ఏడ్చింది. పాపకి జ్వరం అంది. మందు నా దగ్గరే ఉంది అంది. నడిచి వెళ్తే ఎప్పటికి చేరతాను అంది.

అతను పల్లం వైపు తిరిగాడు. కప్పు మీంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. అంతే.

"నడువమ్మా. ఆలస్యమైతే ఎదురుచూస్తారు. చూడనీ... అసలు రాకపోతే..."

అక్కడ ఆగిపోయాడు.

వదిన హ్యాండిల్ పట్టుకుంది. రెండడుగులు వేసింది. వెనక నుంచి మళ్ళీ ఆ గొంతు. ఈసారి మొహమాటపడుతున్నట్టు ఉందట, పక్కింటివాళ్ళు చక్కెర అడిగినట్టు.

"ఇవి నా బండికి సరిపోతాయి... ఉంచుకోనా?"

ఆ మాటతో భయం పోయిందంది వదిన. ఉంచుకోండి అని, నడవడం మొదలుపెట్టింది. వెనక్కి చూడలేదు. కొంతదూరం దాకా వెనకాల ఓ చప్పుడు వినిపిస్తూనే ఉందట. నట్టు బిగిస్తున్నట్టు —

టక్... టక్... టక్...

వదిన ఇంటికి వచ్చేసరికి తలుపు నేనే తీశాను. పాపని పక్కింటామెకి అప్పజెప్పి వెతకడానికి బయల్దేరుతున్నాను అప్పటికే. మోకాళ్ళ దాకా బురద, చేతిలో మందు సీసా. ఏమైంది అన్నాను. నన్ను పక్కకి నెట్టి లోపలికి వెళ్ళి పాపకి మందు పట్టింది. తడిబట్టలతోనే మంచం పక్కన కూలబడింది. జ్వరం దిగడం మొదలయ్యాకే నోరు విప్పింది.

నేను కొట్టిపారేశాను. కొట్టిపారేయకపోతే ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు, అందుకని. కథ తెలిసిన ఎవడో వేళాకోళం చేశాడని, పగటి వెలుగులో చూస్తే నవ్వొస్తుందని అన్నాను. వదిన నావైపు చూడను కూడా లేదు. వేళాకోళానికి వచ్చినవాడు బ్రేకు నొక్కి చూడమంటాడా అని మాత్రం అడిగింది.

పొద్దున్నే అన్నయ్య వచ్చాడు. పాప పక్కన అతన్ని కూర్చోబెట్టి, నేనూ వదినా సైకిలు తోసుకుంటూ రిపేరు షాపుకి వెళ్ళాం.

కొండరోడ్డు మొదట్లోనే ఉంటుంది ఆ సైకిలు షాపు. నడిపేది ఒక పెద్దావిడ, జుట్టంతా నెరిసింది. ఊరందరికీ ఆమె అక్క. డాక్టర్లూ అక్కా అనే అంటారు, వాళ్ళ పిల్లలూ అక్కా అనే అంటారు. లోపల గోడకి ఎత్తున ఓ పాత సైకిలు వేలాడుతుంటుంది. ఎవరు అడిగినా అది అమ్మేది కాదని చెప్తుంది.

అక్క చక్రం ఊడదీసింది. ప్యాడ్లు బయటికి లాగి అరచేతిలో పెట్టుకుంది. ప్యాడ్లంటే మాటవరసకి. మందం మొత్తం అరిగిపోయి ఇనపరేకు మిగిలింది. అదీ గీతలు పడి మెరుస్తోంది. అద్దాలు అరగదీసేవాణ్ణి, నేనే ఇంత అరుగుడు చూడలేదు.

"దీంతో ఆ పల్లం దిగావా?" అంది అక్క.

లేదు, నడిచొచ్చానంది వదిన. నడవమని ఎవరు చెప్పారంది అక్క. వదిన జరిగింది జరిగినట్టు చెప్పింది. చెప్తున్నంతసేపూ అక్క ఆ రేకుముక్కల్ని వేళ్ళతో తిప్పుతూనే ఉంది. అయ్యాక స్టూలు మీద కూర్చుంది.

"ఆ కథ నేను కట్టిందే," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. అదీ సంగతి, ప్యాడ్లు అమ్ముకోడానికి దెయ్యాన్ని పెట్టుకున్నావన్నమాట అని నవ్వాను. అక్క నావైపు చూసిన చూపుకి నా నవ్వు నాకే ఎబ్బెట్టుగా అనిపించి మానేశాను.

ఆ షాపు ఆమె భర్తదట. ఆమె అందరికీ అక్క కాబట్టి ఆయన అందరికీ బావ. ఊళ్ళో ప్రతి బండికీ ఆయన చేత్తోనే బ్రేకు బిగించేవాడు. తన బండి దగ్గరికి వచ్చేసరికి, రేపు చూద్దాంలే. అక్క గుర్తుచేస్తే, రేపు. మళ్ళీ చెప్తే, రేపు. ఓ ముసురు సాయంత్రం ఆస్పత్రిలో ఎవరి బండో బాగుచేసి, చివరి జత ప్యాడ్లు కూడా వాళ్ళకే వేసి, బయల్దేరాడు. ఆ మలుపు దాటాడు. ఇదంతా మేం రాకముందు, చాలా ఏళ్ళ క్రితం.

"తర్వాత షాపుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. ఒక జత దగ్గర పెట్టుకోండి, అరిగిందేమో చూసుకోండి అని. తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. మంచికి చెప్తే ఎవరు వింటారు? అందుకని భయం పెట్టాను. అప్పుడు విన్నారు."

చేతిలోని రేకుముక్కల్ని పక్కన పెట్టింది.

"ఎవరో మనిషి అన్నాను గాని, ఆయనేనని అనలేదు. మొగుణ్ణి దెయ్యాన్ని చేసుకున్నానని ఎవరికీ తెలియకూడదుగా..."

వదిన వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అక్కే తేరుకుంది. వరండాలో ఉన్నది వానకి ఆగిన ఏ రోడ్డు కూలీయో అయుంటాడంది. బండి సంగతి తెలిసినవాడు, ఎవడో గాని చల్లగా ఉండాలంది.

కొండని తవ్వి ఎలుకని పట్టినట్టయింది. ఒప్పుకుంటాను, ఆ ఎలుకని చూసి నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

వదిన మాత్రం వినడం లేదు. గోడ మీదికి చూస్తోంది.

"అక్కా, ఆ బండి..."

"ఆయనదే. ఆ రోజు ఎలా తెచ్చారో అలాగే పెట్టాను. తుడవను కూడా."

"నిన్న అక్కడ ఉన్నది అదే."

అలాంటి బండ్లు అప్పట్లో ఇంటికొకటి ఉండేవని అక్క తీసిపారేసింది. కానీ స్టూలు మీంచి లేచింది. లేచి, ఆ స్టూలుని గోడ దగ్గరికి జరిపింది. తను ఎక్కలేదు. కళ్ళద్దాలవాడివి కదా, నువ్వు చూడు అన్నట్టు నావైపు చూసింది.

ఎక్కాను.

సీటు మీద వేలెడు మందాన దుమ్ము. హ్యాండిల్ నుంచి గోడకి బూజు. ఎక్కడా తెగలేదు, చెదరలేదు. ఆ బండిని ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే తెలిసిపోతుంది. అదే మాట కిందికి చెప్దామని తల తిప్పబోయాను...

ముందు చక్రం.

బ్రేకు రబ్బర్లు నల్లగా, కొత్తగా ఉన్నాయి. వాటి మీద దుమ్ము లేదు. వేలు పెట్టాను. తడి.

రబ్బరు వెనక రేకు మీద, తలకిందులుగా — పసుపుపచ్చ బాతు.

బావ పోయిన రోజు ఈ బండి బ్రేకులకి రబ్బర్లు ఏమైనా మిగిలాయా అని అడిగాను. ఏముంటాయి, ఇనుము మిగిలింది, అందుకేగా అంది అక్క. నేను దిగిపోయాను. నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. తనే ఎక్కింది.

చాలాసేపు అక్కడే ఉంది. పడిపోతుందేమోనని వదిన స్టూలు పట్టుకుంది. అక్క బొటనవేలితో ఆ బాతుని ఒకసారి తడిమింది. బూజు తెంచి, హ్యాండిల్ అందుకుని, బ్రేకు నొక్కింది. తుప్పుపట్టిన తీగ కిర్రుమంది. ఇంకో చేత్తో చక్రాన్ని తిప్పబోయింది. తిరగలేదు.

"పట్టుకుంటోంది," అంది.

మాతో కాదు. ఆ బండితో.

"రేపు రేపు అంటూ... ఇన్నాళ్ళకి వేసుకున్నాడు."